చేప పిడి కత్తి

మగపిల్లల కోసం చేసిన చిన్న మడత కత్తులంటే నాకు పిచ్చి. తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో, కోరుట్లలో పాత సామాన్ల దుకాణంలో ఒకటి దొరికింది. చేప ఆకారపు ఇత్తడి పిడి, వేలెడంత బ్లేడు. సిరిసిల్ల బస్సులో కూర్చుని దాన్ని తెరుస్తూ మూస్తూ ఉంటే, పక్క సీటులో తలకు రుమాలు చుట్టుకున్న ముసలాయన చేయి చాపాడు. ఇచ్చాను.

"ఎవలకు సార్, మనుమనికా?"

"కాదు, నేనే దాచుకుంట. గిసుంటివి ఇంట్ల మస్తున్నయి."

ఆయన బ్లేడును బొటనవేలితో నిమిరి, మడిచి తిరిగిచ్చాడు. జేబులో వేసుకున్నాను.

కథలాపూర్ దగ్గర పోలీసులు బస్సు ఆపి సంచులు వెతకసాగారు. కానిస్టేబుల్ మా సీటు దాకా రాగానే ముసలాయన లేచి నిలబడ్డాడు.

"గీ సారు జేబుల కత్తి ఉన్నది."

తీసి ఇచ్చాను. కానిస్టేబుల్ నా కళ్లద్దాలు, ఇస్త్రీ చొక్కా చూశాడు. కత్తి తెరిచి నవ్వాడు.

"ముచ్చటగున్నది సార్, లోపల పెట్టుకోండ్రి." తర్వాత ముసలాయన వైపు తిరిగాడు. "పోరగాండ్లు ఆడుకునేదాన్ని పట్టుకొని కత్తి అంటవా? కూసో."

బస్సు కదిలింది. ఎందుకు చెప్పావని కోపంగా అడిగాను.

"మా పోరడు రాస్తారోకోల దొరికిండు సార్. ఆని జేబుల గసుంటిదే ఉండె, మామిడికాయలు కోసుకునేది. కత్తి అని రాసుకొని జైలుల ఏసిండ్రు." ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. "మిమ్ముల ఏమంటరో సూద్దామనుకున్న. సూసిన."