మార్కరుగారి జేబులో టెలిగ్రాం

నాన్నగారు పోయారన్న కబురు నాకు మొదట తెచ్చినవాడు మా పుట్టింటి పాలేరు. స్వరాజ్యం వచ్చిన నాలుగైదేళ్ల నాటి మాట. మా పుట్టిల్లున్న అమలాపురం నుంచి మా అత్తవారి ఊరు కాలవగట్టు మీద గంట నడక. అతను వచ్చేసరికి నేను విస్తరి ముందున్నాను.

"కంగారేం లేదండమ్మా. కానివ్వండి, ఆయ్," అన్నాడు అరుగు మీద నిలబడి. మజ్జిగన్నం కూడా తిని చేయి కడుక్కున్నాక చెప్పాడు. మావైపు అంతే. అన్నం ముందున్న మనిషికి చావు కబురు చెప్పరు.

ఏడుపు రాలేదు. తడిచేతిని చూసుకుంటూ నిలబడ్డాను. తమ్ముడు మద్రాసులో ఉన్నాడని మాత్రం గుర్తొచ్చింది.

వాడికి పదహారేళ్లు. దేశంలోని కుర్రవాళ్ల టెన్నిస్ పోటీలన్నిటిలోకీ పెద్దదాంట్లో ఆ మధ్యాహ్నమే ఫైనల్. మా ఊరి క్లబ్బులో కోర్టుకు నీళ్లు చల్లి, సున్నం గీతలు గీసి, మెంబర్లతో ఆడే మార్కరుగారే వాడికి ఆట నేర్పారు. మద్రాసు తీసుకువెళ్లినదీ ఆయనే. నన్ను ఇంట్లోనే కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించిన నాన్నగారు, మంచం పట్టి కూడా, "నా కోసం ఆగకురా," అని వాణ్ని పంపించారు.

నేను పుట్టింటికి చేరేసరికే బాబాయిగారు మద్రాసుకు టెలిగ్రాం ఇచ్చేశారు. ఆ సాయంత్రం దహనం ఆయన చేతుల మీదుగానే జరిగింది. తమ్ముడు అందుకోలేడని అందరికీ తెలుసు.

మర్నాటి సాయంత్రానికి ఇద్దరూ వచ్చారు. తమ్ముడు నేరుగా నూతి దగ్గరికి స్నానానికి వెళ్లాడు. బాబాయిగారు అరుగు మీద మార్కరుగారిని నిలదీశారు.

"టెలిగ్రాం ఎప్పుడందింది?"

"ఆట సగంలో అండి. మాకు బస ఇచ్చినాయన పట్టుకొచ్చి చదివి చెప్పేరండి."

"మరి?"

"జేబులో పెట్టుకున్నానండి."

"అన్నయ్య శవం ఇంట్లో ఉండగా వాడిచేత బంతాట ఆడించేవా! పోనీ, గెలిచేడా?"

"లేదండి. మూడో సెట్టు పోయిందండి."

"శభాష్! కప్పూ లేదు, కొరివీ లేదు."

మార్కరుగారు తల వంచుకున్నారు. "అన్నం ముందున్నోళ్లకి చెప్పం కదండీ. బాబుగారు ఆట ముందున్నారండి. రైలు ఎలాగూ సాయంత్రమేనండి."

అందరూ విన్నారు. ముందురోజే ఆ మర్యాద అందుకుని మజ్జిగన్నం తిన్నదాన్ని, నేనూ ఆయన వైపు మాట్లాడలేదు. గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

దినవారాలు అయ్యాక, మార్కరుగారు క్లబ్బు వదిలి మండపేటలో ఏదో రైసుమిల్లులో చేరారని విన్నాం. బాబాయిగారు క్లబ్బులో పెద్ద మెంబరు. తమ్ముడు మళ్లీ బ్యాటు పట్టలేదు.

చాలా ఏళ్లకు వాడే చెప్పాడు. ఓడిపోయి బయటికి రాగానే మార్కరుగారు చెంబుతో నీళ్లు పోసి, "ముందు చేతులు కడుక్కోండి బాబూ," అన్నారట. తన తువ్వాలుతో వాడి చేతులు తుడిచి, అప్పుడు చెప్పారట.

"నాన్నగారు ఉన్నారనుకునే, ఆఖరి బంతి దాకా ఆడేనక్కయ్యా," అన్నాడు.

ఆయనకు చేతులెత్తి దండం పెట్టే భాగ్యం నాకు కలగలేదు. దీపం పెట్టేటప్పుడు మా పెద్దలతో పాటు ఆయన్నీ తలుచుకుంటాను. ఇది చదివేవారిని ఒక్కటే కోరుతున్నాను. మీ గుమ్మంలో ఎవరైనా చెడ్డ కబురు మనసులో పెట్టుకుని, మీ భోజనం అయ్యేదాకా నిలబడితే, మా మార్కరుగారిని ఒకసారి తలుచుకోండి.