గుర్రం దిగని మావయ్య

మా మావయ్యను దేని గురించి అడిగినా సరే, అగ్రపీఠం చరిత్ర మొదటినుంచీ చెబుతాడు. ఆర్చిబిషప్ గారి కార్యాలయంలో ఆయన పక్క బల్ల గుమాస్తాను నేనే. నా ఖర్మ కొద్దీ ఇంట్లోనూ మేనల్లుణ్ణే.

"మావయ్యా, బీరువా తాళం ఎక్కడ?"

"అసలీ బీరువా ఎందుకొచ్చిందో తెలుసా? మొదట్లో ఇంత ప్రాంతానికీ ఒక్కడే చర్చి గురువురా. ఆయనకో గుర్రం..."

ఆ గుర్రం ఊళ్లన్నీ తిరగాలి, జబ్బుపడాలి, చచ్చిపోవాలి. ఒక బిషప్ పీఠం నాలుగుగా చీలాలి, వాటికి పెద్దదిక్కుగా మాది అగ్రపీఠం కావాలి. అప్పుడుగానీ తాళం దొరకదు. పొరపాటున మాకు ఫోన్ కలిసినవాడు కూడా గుర్రం పోయేదాకా విని, "అయ్యో పాపం" అని పెట్టేశాడు. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడగడం మా అత్తయ్య పెళ్లయిన కొత్తలోనే మానేసింది.

ఒకరోజు కొండమీది విచారణ నుంచి ఒక అవ్వ వచ్చింది. విచారణ అంటే ఒక చర్చీ, దాన్ని నమ్ముకున్న కుటుంబాలూ. అక్కడ జనం తగ్గారని దాన్ని కింది పెద్ద విచారణలో కలిపేసి, చర్చికి తాళం వేయాలని నిర్ణయమైపోయింది. ఆర్చిబిషప్ గారి సంతకమే తరువాయి.

"వచ్చేవారం నా మనవరాలి పెళ్లి బాబూ. నా పెళ్లీ, దాని తల్లి పెళ్లీ ఆ చర్చిలోనే అయ్యాయి. ఇదొక్కటీ కానిచ్చి మూసుకోమనండి," అంది అవ్వ.

మావయ్య నోరు మెదపకుండా విన్నాడు. వినడం ఆయన ఒంట్లో లేదు. అప్పుడే నేను అనుమానించాల్సింది.

ఉత్తర్వు పట్టుకుని మేమిద్దరం లోపలికెళ్లి బల్ల ముందు కూర్చునేసరికి ఆర్చిబిషప్ గారు విదేశ ప్రయాణానికి సిద్ధంగా ఉన్నారు. వెళితే నెలదాకా రారు. కలం తీసి, "ఆ విచారణ ఏ సంవత్సరంలో మొదలైందండీ? ఉత్తర్వులో రాయాలి," అన్నారు.

"మొదట్లో ఒక్కడే గురువండీ," అందుకున్నాడు మావయ్య. "ఆయనకో గుర్రం..."

నాకు ఒళ్లు మండిపోయింది. బల్ల కింద ఒక్క తన్ను తన్నాను. గుర్రం వాగు దాటింది. మళ్లీ తన్నాను. గుర్రానికి నాడా ఊడింది. రోజూ ఈపాటికి చచ్చే గుర్రానికి ఇవాళ జలుబు కూడా చేయదేం! పైగా అది ఆడగుర్రమట, పిల్లను కూడా పెట్టింది.

"విమానం అందదండీ," అన్నాడు తలుపు దగ్గర నుంచి డ్రైవరు.

ఆర్చిబిషప్ గారు కలానికి మూత పెట్టి లేచారు. "సరే, తిరిగొచ్చాక చూద్దాం. అందాకా ఆ గుర్రాన్ని బతికించండి," అని మావయ్యతో అని, నవ్వుకుంటూ కారెక్కారు.

"సంవత్సరం తెలీకపోతే తెలీదని చెప్పొచ్చుగా!" అని విరుచుకుపడ్డాను.

మావయ్య ఠక్కున సంవత్సరం చెప్పాడు, నెలతో సహా. అప్పటికి వెలిగింది నాకు.

బయట బెంచీ మీంచి అవ్వ లేచి నిలబడింది. "ఏమైంది బాబూ?"

"పెళ్లి మీ చర్చిలోనే అమ్మా."

మిగతా చరిత్ర కోసం ఎదురుచూశాను. లేదు, అంతే. అవ్వ ఆయన చేతులు పట్టుకుని కళ్లకద్దుకుంది. ఈ మనిషి మీద నాకంత ప్రేమ పుట్టుకొస్తుందని కలలో కూడా అనుకోలేదు.

మావయ్య వంగి పిక్క రుద్దుకుంటూ నావైపు తిరిగాడు.

"ఒరేయ్ అల్లుడూ, ఈసారి తన్నేటప్పుడు కాస్త చెప్పులు విప్పి తన్నరా."