అరవై దగ్గర నిలిచిన ముల్లు

నా చిన్నప్పుడు ఎల్బీ నగర్‌లో ఇళ్ళకన్నా బండరాళ్ళే ఎక్కువ. నల్లగొండ పల్లె నుంచి వచ్చిన మాకూ, గుంటూరు నుంచి వచ్చిన పక్కింటి మామయ్యకూ మధ్య ఒకటే గోడ. మామయ్యకు ఒక పాత కారుండేది. దాని స్పీడు మీటరులో ముల్లు ఒకసారి అరవైకి ఎక్కిందంటే, కారు ఎంత నెమ్మదించినా దిగేది కాదు. ఆదివారాలు మామయ్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుని విజయవాడ రోడ్డు మీద తిప్పుతూ, తన చేతి గడియారం నాకిచ్చేవారు. "అరవైలో పోతే నిమిషానికో కిలోమీటరు రాయి రావాలమ్మడూ. వచ్చిందా?" అని అడిగేవారు. ఎక్కడొస్తుంది! "చూశావా, ఈ ముల్లు ఎంత అబద్ధాలకోరో" అని పకపకా నవ్వేవారు.

అంతలో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వచ్చింది. ఊరేగింపులో నడిచినందుకు మా నాన్నను జైల్లో పెట్టారు. ఆనాటి నుంచి గోడకు అటూ ఇటూ మాటలు ఆగిపోయాయి, నా ఆదివారం షికార్లూ ఆగిపోయాయి. పెద్దవాళ్ళందరి మీదా నాకు ఒళ్ళు మండేది.

ఒక బంద్ రోజు మధ్యాహ్నం, ఇంకా నడకైనా రాని మా తమ్ముడు జ్వరం ముదిరి కళ్ళు తేలేశాడు. బస్సుల్లేవు, రిక్షాల్లేవు. అమ్మ వాణ్ణి భుజాన వేసుకుని ఆ గోడ దగ్గరికే పరుగెత్తింది. "అన్నా, నా కొడుకు పోతుండు! దవాఖానకు తీస్కపో, నీ కాళ్ళు మొక్కుత!"

పక్కింటి అత్తయ్య కారు తలుపు పట్టుకుని, "మనం ఆంధ్రావాళ్ళమని తెలిస్తే ఊరుకోరండీ, వెళ్ళొద్దు" అని ఏడ్చింది. మామయ్య ఆమె చెయ్యి మెల్లగా తీసేసి స్టీరింగ్ ముందు కూర్చున్నారు. నేను ఆయన పక్కన ఎక్కాను.

రోడ్డు నిండా రాళ్ళు, గాజు పెంకులు, కాలుతున్న టైర్లు. పంక్చరైతే అంతే సంగతులు. మామయ్య ఒక్కొక్క రాయినీ తప్పించుకుంటూ పోతున్నారు. వెనక సీట్లో అమ్మ, "జర జల్ది పోనియ్యే అన్నా, పిలగాడు కదుల్తలేడు. నువ్వు పోకుంటే దిగి ఉరుకుత!" అని గుండెలు బాదుకుంటోంది.

"అరవైలో పోతున్నాం చెల్లెమ్మా" అన్నారు మామయ్య.

అమ్మకు అంకెలు రావు. "మీటరు ఎంత చూపెడుతుంది బిడ్డా? నిజం జెప్పు" అని నన్నడిగింది.

ముల్లు అరవై మీదే ఉంది, కారు మాత్రం పాకుతోంది. మామయ్య నా వైపు చూడలేదు. ఇంకో రాయిని తప్పించడానికి స్టీరింగ్ తిప్పారు. ముల్లు అబద్ధమాడుతోందని చెబితే అమ్మ ఆ ఎండలో పిల్లాణ్ణి ఎత్తుకుని నిజంగానే దూకేసేలా ఉంది.

"అరవయ్యే అమ్మా" అన్నాను.

అమ్మ ఏడుపు ఆపింది. తమ్ముణ్ణి ఒళ్ళో సరిగా పడుకోబెట్టుకుని తడిగుడ్డతో ఒళ్ళు తుడవసాగింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో కుర్రాళ్ళు అడ్డం పడ్డారు. "ఏడికి పోతున్నరు? బంద్ అని ఎరుకలేదా?" మామయ్య నోరు విప్పితే యాస పట్టేస్తారు. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఇంతలో అమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి, "గీయన మా అన్న! నా పిలగాన్ని దవాఖానకు కొంటవోతుండు, జరుగుండ్రి!" అని కేక వేసింది. ఆ కుర్రాళ్ళే రాళ్ళు పక్కకు లాగి దారిచ్చారు.

తమ్ముడు బతికాడు. సాయంత్రానికి కళ్ళు తెరిచి పాలకోసం ఏడ్చాడు. ఆ ఏడుపు విని మామయ్య ఆసుపత్రి మెట్ల మీదే కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు.

చాలా ఏళ్ళ తర్వాత అమ్మకు ఆ ముల్లు సంగతి చెప్పాను. అమ్మ నన్ను ఎగాదిగా చూసి, "సైకిలోడు మనల్ని దాటుకుంట పోయిండు బిడ్డా. నేను సూడలేదనుకున్నవా?" అంది.

"మరి నన్నెందుకడిగావే?"

"ఒక్కలన్న నాకు ధైర్నం జెప్పాలె గదా."

ఇప్పుడు నేను పనిచేసే ఆసుపత్రి వరండాలో ఎవరైనా నా చెయ్యి పట్టుకుని, ఏం కాదు కదా అని అడిగితే, ఏం కాదనే చెబుతాను. వాళ్ళకూ అంతా తెలుసని నాకు తెలుసు. వాళ్ళు వదిలేదాకా ఆ చెయ్యి మాత్రం వదలను.