బ్రాకెట్ల మధ్య పిలుపు

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు చిన్నప్పటి నుంచి కాస్త చిన్నచూపు. సామర్లకోటలో మా వీధి చివర మూతపడిన బియ్యం మిల్లులో ఏదో తిరుగుతోందని పిల్లలంతా భయపడుతుంటే, పందెం వేసి లోపలికి వెళ్లొచ్చిన దాన్ని. గబ్బిలాలు తప్ప ఏమీ కనిపించలేదు.

పెద్దయ్యాక ప్రోగ్రాములు రాసే ఉద్యోగం వచ్చింది. ఆ పని నా స్వభావాన్ని ఇంకా గట్టిపరిచింది. ప్రోగ్రాము తప్పు చేసిందంటే దానికో కారణం ఉంటుంది. కారణం దొరకలేదంటే సరిగ్గా వెతకలేదని అర్థం. ఈ రోజుకీ నా నమ్మకం అదే. అందుకే ఈ సంగతి చాలాకాలం ఒకరిద్దరికి తప్ప ఎవరికీ చెప్పలేదు. చెబితే నేనే నవ్వులపాలవుతానని భయం.

తొంభైల చివరి రోజులు. హైటెక్ సిటీ మొదటి భవనం అప్పుడే లేచింది. దాని చుట్టూ ఇంకా బండరాళ్లు, తుప్పలు, అక్కడక్కడ కొత్త పునాదులు. మా ఆఫీసు ఆ పెద్ద భవనంలో కాదు. మాదాపూర్ నుంచి కొత్తగూడ వైపు వెళ్లే దారిలో, ఒక మూడంతస్తుల ఇంటి పై అంతస్తు కిరాయికి తీసుకున్న చిన్న కంపెనీ మాది. ఒకే పెద్ద గది, ఐదారుగురు మనుషులు.

మేం రాస్తున్నది ఈమెయిళ్లను చదివే లైబ్రరీ. అంటే వేరే ప్రోగ్రామర్లు తమ ప్రోగ్రాముల్లో వాడుకునే సరంజామా. ప్రతి మెయిల్ పైనా కొన్ని వరుసలు ఉంటాయి. ఎవరి నుంచి, ఎవరికి, ఏ తేదీన, ఏ దారిన వచ్చింది అని. వాటిని హెడర్ ఫీల్డులంటారు. విషయం అనే వరుసలో ఎవరికి తోచింది వాళ్లు రాసుకోవచ్చు. చిరునామా, తేదీ లాంటివి అలా కాదు, వాటికో వ్యాకరణం ఉంది. అందుకని ఒక్కో రకం ఫీల్డుకి ఒక్కో క్లాసు, అంటే దాని పని తానే చూసుకునే విడి కోడు, రాశాం. తేదీ ఫీల్డు తన రోజెంతో, గంటెంతో తానే చెబుతుంది. చిరునామా ఫీల్డు తనలోని పేర్లు తానే విడదీసి ఇస్తుంది. చెప్పుకోవడానికి తేలిక, రాయడానికి చచ్చేంత చాకిరీ.

ఈ ఫీల్డుల్లో బ్రాకెట్ల మధ్య ఏం రాసినా అది మనుషుల కోసం రాసిన వ్యాఖ్య. యంత్రం దాన్ని వదిలేసి ముందుకు పోవాలి. ఆ వదిలేసే భాగం నా వంతు. ఒక బ్రాకెట్లో ఇంకో బ్రాకెట్ వస్తే నా ప్రోగ్రాము తికమకపడేది. ఎక్కడ తప్పుతోందో పట్టుకోవడానికి, అది వదిలేసిన ప్రతి వ్యాఖ్యనీ తెర మీద చూపించేలా ఒక వరుస చేర్చాను. పరీక్షించడానికి విదేశీ క్లయింటు ఫ్లాపీల్లో పాత మెయిళ్లు పంపాడు. అన్నీ అక్కడివాళ్లు రాసుకున్నవి. వ్యాఖ్యల్లో వచ్చేవి కూడా మామూలువే. టైమ్‌జోన్ల పొట్టిపేర్లు, మనుషుల పేర్లు, ఏవో మెషిన్ల పేర్లు.

నా పక్క సీటు స్వరూపక్కది. కరీంనగర్ వాళ్లు. నా కంటే ముందు చేరింది. క్లాసులు ఎలా విడగొట్టాలో నాకు నేర్పింది ఆమే. మొదట్లో నేను స్వరూపగారూ అంటుంటే, "గారు గీరు వద్దు పద్మా, అక్క అను, సరిపోతది" అంది. ఈ సంగతి జరిగేనాటికి ఆమెకి ఐదో నెల. పెళ్లయిన చాలా ఏళ్లకి నిలిచిన కడుపు. వేవిళ్లు ఇంకా తగ్గలేదని, గాలి కోసం కిటికీ పక్క కుర్చీ తీసుకుంది. అంతకుముందు అక్కడ కూర్చున్నది నేనే. ఆమె కోసం నేను ఇవతలికి జరిగాను.

ఆ కిటికీ అవతల, మా భవనం వెనక, రాతిగుట్ట ఉన్న ప్లాటు. అక్కడ పునాదుల కోసం బండకి రంధ్రాలు వేసి మందు పెట్టి పేల్చేవాళ్లు. ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల అది రోజువారీ తంతు. ఎర్రజెండా కట్టి, ఈల వేసి, మనుషులు దూరం జరిగాక పేల్చేవాళ్లు. అద్దాలు గలగలమనేవి. మేం తలెత్తి కూడా చూసేవాళ్లం కాదు.

ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం. భోజనాలయ్యాయి, టీ ఇంకా రాలేదు. నేను నా ప్రోగ్రామును మళ్లీ నడిపించాను. తెర మీద వ్యాఖ్యలు ఒక్కొక్కటే దొర్లుతున్నాయి. ఉన్నట్టుండి నా కళ్లు ఒక వరుస దగ్గర ఆగిపోయాయి. తేదీ ఫీల్డు కింద, బ్రాకెట్ల మధ్య, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు.

"ఈనపుల్లా, కిందికి దిగవే."

ఈ మాట గురించి చెప్పాలి. మా అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. నన్ను పెంచింది మా నాన్న అక్క, వరహాలత్తయ్య. రెండు గేదెలు పెట్టుకుని వీధివీధికీ పాలు పోసేది. నేను చీపురు ఈనెలా సన్నగా ఉండేదాన్నని నన్ను ఈనపుల్లా అని పిలిచేది. ఇంకెవరూ అలా పిలవలేదు. నాన్న కూడా పద్మా అనే అనేవాడు. నేను పుస్తకం పట్టుకుని డాబా పిట్టగోడ మీద కూర్చుంటే, పడతానని ఆమెకి భయం. పెరట్లోంచి తలెత్తి, "ఈనపుల్లా, కిందికి దిగవే" అని అరిచేది. దిగేదాకా అరుస్తూనే ఉండేది.

నేను అమీర్‌పేటలో కోర్సు చేస్తుండగానే అత్తయ్య పోయింది. నాకు ఉద్యోగం రావడం చూడలేదు. హైదరాబాద్ ఎన్నడూ రాలేదు. ఇంగ్లిష్ అక్షరాలు ఆమెకి రావు.

నాకు ఒళ్లు జలదరించిందని రాస్తే అది అబద్ధమవుతుంది. మొదట కలిగింది సంతోషం. చాలా రోజుల తర్వాత మనవాళ్లెవరో వీధిలోంచి పిలిచినట్టు అనిపించింది. ఆ తర్వాతే భయం వేసింది.

స్వరూపక్క పక్కకి వంగి నా తెర చూసింది. "ఈనపుల్ల అంటే ఏంది? గిది తెల్లోళ్ల మెయిల్‌ల కెళ్లి వచ్చిందా?" అంది.

ఆమె ఈ ప్రశ్న అడిగిందన్నది ముఖ్యం. నేనొక్కదాన్నే చూసుంటే, ఎండకి కళ్లు తిరిగాయని సరిపెట్టుకునేదాన్ని.

"కిందికి వెళ్దాం, రండక్కా" అన్నాను.

"ఇప్పుడా? జర ఆగు, గీ ఒక్కటి కంపైల్ చేసి వస్త."

"లేదండీ, ఇప్పుడే. బొండం తాగుదాం. నేనొక్కదాన్నీ వెళ్లలేను."

ఆ చివరి మాట నిజం. ప్రమాదమని నాకేమీ తోచలేదు. అత్తయ్య పిలుస్తోంది, దిగాలి, అంతే. కానీ ఒంటరిగా దిగడానికి కాళ్లు రాలేదు. అందుకే ఆమె చెయ్యి పట్టుకుని లాగాను. నేనెప్పుడూ అంత చనువు తీసుకున్నదాన్ని కాదు. స్వరూపక్క నా ముఖం చూసి ఇంకేం అడగలేదు. కడుపు మీద చెయ్యి పెట్టుకుని లేచింది.

భవనం ముందు, రోడ్డు వైపు, బొండాల బండి ఉండేది. అక్కడికి వెళ్లి నిలబడ్డాం. బండివాడు ఒక బొండం చెక్కి స్వరూపక్క చేతికిచ్చాడు. రెండోది చెక్కుతున్నాడు.

అప్పుడు పేలింది.

రోజూ వినే చప్పుడు కాదు. కాళ్ల కింద నేల కదిలింది. వెనువెంటనే మా అంతస్తులో అద్దాలు భళ్లున పగిలాయి. ఆకాశంలోంచి చిన్న చిన్న రాళ్లు మేడ మీద రాలడం వినిపించింది. స్వరూపక్క చేతిలోంచి బొండం జారి పడింది. వాచ్‌మన్ మల్లయ్య గేటు దగ్గర్నుంచి కేకలేస్తూ పైకి పరిగెత్తాడు.

మేం వెళ్లేసరికి గదినిండా దుమ్ము. కరెంటు పోయింది. మిగతావాళ్లు అవతలి గోడ వైపు కూర్చున్నారు కాబట్టి బతికిపోయారు. ఒకబ్బాయికి చెంప మీద గాజుపెంకు గీసుకుంది, అంతే. కిటికీ చట్రంతో సహా లోపలికొచ్చి పడింది. స్వరూపక్క కుర్చీ వీపు విరిగి వెనక్కి వేలాడుతోంది. దాని పక్కనే నేల మీద రుబ్బురోలు పొత్రమంత రాయి. నల్లగా, ఒక పక్క ఇంకా వేడిగా.

స్వరూపక్క గోడ పట్టుకుని నెమ్మదిగా కింద కూర్చుంది. నేను పక్కన కూర్చుని ఆమె వీపు నిమిరాను.

మల్లయ్య ఒకసారి ఆ రాయిని, ఒకసారి ఆమెని చూశాడు. "అమ్మా, నువ్వు గిప్పుడే గద కిందికొస్తివి" అన్నాడు. తల మీది రుమాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు.

పేల్చినవాళ్లు వచ్చి ఈల వేశామన్నారు. మాకెవరికీ వినపడలేదు. మందు ఎక్కువైందని తర్వాత వాళ్లే ఒప్పుకున్నారు. ఆ గొడవ వేరే.

స్వరూపక్క భర్త వచ్చి ఆమెని దవాఖానకి తీసుకెళ్లాడు. డాక్టరమ్మ చూసి బిడ్డకేం కాలేదని చెప్పిందట. సాయంత్రం ఫోన్ చేసి ఆ మాట చెప్పాడు. నాకు అప్పుడు ఏడుపొచ్చింది. అంతదాకా రాలేదు.

కరెంటు పోవడంతో నా తెర మీద ఉన్నదంతా పోయింది. మర్నాడు గాజుపెంకులు ఊడ్చి, కంప్యూటర్ ఆన్ చేసి, అదే ప్రోగ్రామును అవే మెయిళ్ల మీద నడిపించాను. ఆ వరుస రాలేదు. మళ్లీ నడిపించాను. రాలేదు. ఫ్లాపీలన్నీ తెరిచి ఒక్కో ఫైల్లో ఆ మాట కోసం వెతికాను. అందులో ఒక్క అక్షరం తెలుగు లేదు.

మా టీమ్ లీడర్ ప్రభాకర్ గారు నెమ్మదస్తుడు. ఆయనకొక్కరికే చెప్పాను. నవ్వలేదు. "మెమరీలో ఎక్కడో మిగిలిపోయిన పాత అక్షరాలు వచ్చుంటాయమ్మా. పాయింటర్ తప్పితే అలాంటివి బయటపడతాయి" అన్నారు. నిజమే, సీ ప్లస్ ప్లస్‌లో అలా జరుగుతుంది. మెమరీలో చదవాల్సిన చోటు కాక ఇంకో చోటు చదివితే చెత్త వస్తుంది, ఒక్కోసారి వేరే ప్రోగ్రాముల ముక్కలూ వస్తాయి. నా కోడులో అలాంటి తప్పు ఒకటి దొరికింది కూడా. దిద్దాను.

కానీ మెమరీలో మిగలాలంటే ముందు ఎవరో ఆ మెషిన్లో టైప్ చేసుండాలి. ఆ మాట తెలిసినదాన్ని ఆ ఊళ్లో నేనొక్కదాన్నే. నేనే ఎప్పుడో పరీక్ష కోసం కొట్టి మరిచిపోయానేమో. అలా అనుకోవడానికి చాలాసార్లు ప్రయత్నించాను. అనుకున్నా, అది ఆ రోజే, ఆ నిమిషానే, చక్కగా రెండు బ్రాకెట్ల మధ్య ఎందుకు వచ్చినట్టు? ఇంకో సంగతి కూడా ఉంది. ఆ కిటికీ పక్క కూర్చున్నది నేను కాదు. పిలిచింది నన్ను, తప్పించింది ఆమెని. అత్తయ్యకి నేను స్వరూపక్కని వదిలి దిగలేనని తెలుసా? నాకు తెలియదు.

వానాకాలంలో స్వరూపక్కకి ఆడపిల్ల పుట్టింది. చామనఛాయ, నెత్తినిండా జుట్టు. నేను చూడ్డానికి వెళితే, పిల్లని తీసి నా ఒళ్లో పెట్టింది. ఆ పేలుడు గురించి మేం అప్పటిదాకా ఒక్కసారీ మాట్లాడుకోలేదు. నేను పిలుపు సంగతి చెప్పింది ఆ రోజే, పిల్ల నా ఒళ్లో ఉండగానే.

ఆ తర్వాత కొన్ని వారాలకి ఆమె దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది.

"మీ అత్తమ్మ పేరేమంటివి పద్మా?"

"వరహాలమ్మ. ఎందుకక్కా?"

"ఎల్లుండి పెత్రమాస, పెద్దల అమాస. మా ఇంట్ల పెద్దలకు బియ్యం ఇస్తం. ఆమె పేరు మీద గూడ ఇయ్యాలని."

"మీవాళ్లేమనుకుంటారో. ఆమె మీకేమీ కాదు కదండీ" అన్నాను.

"కాదా?" అంది స్వరూపక్క. "కుర్చీల కెళ్లి నన్ను లేపినామె నాకేం గాదా? మా అత్తమ్మనే చెప్పింది, పేరు అడుగు అని. ఇగ చెప్పు, ఆమెకు ఏం కూరంటే ఇష్టం?"

"కంద బచ్చలి."

"కందగడ్డ, బచ్చలికూర రెండు కలిపి వండుతరా? గిదేం కూరనే తల్లీ!"

ఫోన్లోనే చెప్పాను. కంద ఎంతసేపు ఉడకాలో, చింతపండు ఎప్పుడు వేయాలో, ఆవ ఎలా నూరాలో. అక్క మధ్యమధ్యలో వాళ్ల అత్తగారికి గట్టిగా చెబుతూ, మళ్లీ నన్ను అడుగుతూ నేర్చుకుంది. పెత్రమాస నాడు నన్నూ రమ్మంది. కొత్తగూడలో వాళ్లింట్లో, వాళ్ల పెద్దల పక్కన ఒక విస్తరి ఎక్కువ వేశారు. కూరలో ఆవ ఘాటు చాలలేదు. అత్తయ్య ఉంటే ముఖం చిట్లించి, ఆ పైన మారు అడిగి వేయించుకునేది.

ఆ వాక్యం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఈనాటికీ తెలియదు. కారణం ఉండే ఉంటుంది, నేను వెతకడం చాలలేదేమో. వెతకడం మానేసి చాలాకాలమైంది. స్వరూపక్క కూతురు ఇప్పుడు నాకంటే ఎత్తు. ఎదురొచ్చినప్పుడల్లా మనసులోనే ఎవరికో దండం పెట్టుకుంటాను.

హైదరాబాద్ చూడని మా వరహాలత్తయ్యకి, పెత్రమాస వచ్చిందంటే, కొత్తగూడలో ఒక ఇంట్లో విస్తరి పడుతోంది. కంద బచ్చలి ఇప్పుడు వాళ్లు మాకంటే బాగా వండుతారు.