సుద్దగీత నడుమనే చెరిగింది

“రెండు ముద్దలు తిని పోరాదు,” అన్నాను. “గా బండి చక్రాలు బిగించి ఒస్తా, నువ్వు తిను,” అన్నాడు మా ఇంటాయన. మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు అవే. ఆ పూటే ఎల్బీనగర్‌లో మా టైర్ల దుకాణం ముందరే ఆయన గుండె ఆగిపోయింది. నాకు రాయడం రాదు, సంతకం మాత్రం కూడబలుక్కుని పెడతాను, అందుకే నేను చెబుతుంటే మా చెల్లెలి మనవరాలు రాస్తోంది. ఇవాళ పొద్దున మా కొడుకు కొత్త అల్లాయ్ వీల్స్ వేయించిన కారులో కోడలినీ పిల్లలనూ ఎక్కించుకుని విజయవాడ రోడ్డు పట్టినప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు, ఆ దుకాణం రోజులే కళ్లలో తిరుగుతున్నాయి.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, దిల్‌సుఖ్‌నగర్ కుర్రకారు కారు కొనగానే కంపెనీ చక్రాలు పీకించి వెడల్పాటి మెరిసే చక్రాలు, అవే ఈ అల్లాయ్ వీల్స్, వేయించుకునే మోజు ఒకటి మొదలైంది. వాటికి టైరు గోడ, అంటే రిమ్ముకూ నేలకూ నడుమ ఉండే రబ్బరు, పొట్టిగా ఉంటుంది. గాలి తగ్గితే గుంతలో పడి రిమ్ము సొట్టపోతుంది, ఎక్కువైతే వానలో బ్రేకు వేసినా బండి జారుతుంది. అందుకని ఆయన, కారు తలుపు పక్కన కంపెనీ అంటించిన గాలి అంకెతో మొదలుపెట్టి, ఆ బండిలో తిరిగే ఇంటిల్లిపాదినీ పిలిపించి కూర్చోబెట్టి, టైరుకు అడ్డంగా సుద్దగీత గీసి గల్లీ చివరిదాకా నడిపించేవాడు. గీత సమంగా చెరిగితే గాలి సరిపోయినట్టు, నడుమ మిగిలితే తక్కువ, అంచులు మిగిలితే ఎక్కువ. అంకెలు చదవలేని నేను గీత చూసి చెప్పేదాన్ని. మా బరువు ఊరందరికీ తెలియాలా అండీ అని కోస్తా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ బిడియపడితే, “నాకు చెప్పకుర్రి అమ్మా, టైరుకు చెప్తే చాలు,” అన్నాడు.

ఆయనతోనే దుకాణమూ పోయింది. మా కొడుకు ఉద్యోగస్థుడు. నిన్న బంకులో టైరు మీద అచ్చుపోసి ఉన్న అంకె చూసి అంత గాలీ కొట్టించుకొచ్చాడు. “గది టైరు ఓర్చుకునే ఆఖరి అంకె బిడ్డా, గంత నింపుమని కాదు,” అన్నాను. “టైరు మీదనే రాసుండంగ ఇంకా నీ సుద్దముక్క ఏందే అమ్మా,” అని నవ్వాడు. మనసాగక, ఎవరూ చూడకుండా ముగ్గుసుద్దతో వెనక చక్రానికి గీత గీశాను. అందరూ ఎక్కాక బండి గేటు దాటుతుంటే చూశాను, నడుమనే చెరిగింది, రెండంచులూ తెల్లగా అట్లాగే ఉన్నాయి. గొంతు చించుకుని పిలిచాను, అద్దాలు ఎక్కించుకున్నారు, వినబడలేదు.

ఇప్పుడు బయట వాన. కొడుకు ఫోన్ ఎత్తడం లేదు. బంకులో మిషను అంకె నొక్కితే నింపి కూత పెడుతుంది, లోపల ఎవరు కూర్చుంటారని అడిగే మనిషి లేడు. ఇదివరకు చక్రాలు మార్చినా ఇల్లంతా కదిలి వచ్చేది, నవ్వుకునేవాళ్లం.

ఇంతవరకు చెప్పింది ఒకసారి చదివి వినిపించు తల్లీ. ఫోన్ మోగితే మాత్రం ఆపెయ్యి.