తలుపుల్లేని కోటలో చప్పుడు

ఇందులో ప్రతి మాటా నిజం. కావాలంటే మా ఇంటి దేవుడి పటం మీద చెయ్యేసి చెబుతాను. దెయ్యాల్ని నేను ఏనాడూ నమ్మలేదు. చిలకలూరిపేటలో టీ కొట్టు ముందు కూర్చుని వాటిని పుట్టించేవాణ్ణే నేను. నమ్మితే నాకు గిట్టుబాటు కాదు.

ఎనభైల చివర్లో, పత్తికి తెల్లదోమ పట్టిన ఏడాది సంగతి. మా అక్కని కొండవీడు కింద ఊళ్ళో ఇచ్చాం. బావ ఉన్న పొలమంతా పత్తే వేశాడు. అందరిలాగే రెండు మూడు రకాల మందులు కలిపి కొట్టాడు. కొట్టినకొద్దీ దోమ పెరిగింది. ఆకులు జిగురు పట్టి నల్లబడ్డాయి. కాయ నిలవలేదు.

"నీ కోతలకి ఊరంతా పడిపోద్ది, ఈ దోమొక్కటి పడదేందిరా?" అనేవాడు నాతో. కొన్నాళ్ళకి ఆ వేళాకోళం కూడా మానేశాడు. భయమేసి, నేను వెళ్ళి వాళ్ళింట్లోనే ఉన్నాను.

ఒక సాయంత్రం అక్క పొలం నుంచి పరిగెత్తుకొచ్చింది.

"ఒరేయ్, మీ బావ పురుగుల మందు డబ్బా పట్టుకుని కొండెక్కాడంటరా! మేకలు కాసే సుబ్బులు చూసిందంట. పోరా, నీకు దణ్ణం పెడతా!"

పైన రెడ్డిరాజుల నాటి కోట. రాతి ద్వారం నిలబడే ఉంది గాని, తలుపులు ఏ కాలంలో పోయాయో చెప్పేవాడు లేడు. అయినా కొండెక్కే మనిషిని చూస్తే ఆ ఊళ్ళో ఇప్పటికీ "తలుపులేసేలోగా దిగిరా" అంటారు. అదొక అలవాటు.

బావా, బావా అని అరుచుకుంటూ ఎక్కాను. పొద్దు వాలిపోతోంది. ద్వారం దాటి లోపల అడుగుపెట్టానో లేదో, వెనక పెద్ద తలుపులు రాతి మీద ఈడ్చుకుంటూ మూసుకున్న చప్పుడు. ఆ వెంటనే గడియమాను పడ్డ చప్పుడు. కాళ్ళ కింద రాయి అదిరింది. తిరిగి చూస్తే రెండు రాతి స్తంభాలు, వాటి మధ్య నుంచి కింద ఎర్రగా మిరప కల్లాలు. గాలి కూడా లేదు.

బావ గోడవార కూర్చుని ఉన్నాడు. డబ్బా మూత తియ్యలేదు.

"తలుపులేశార్రా, విన్నావా? ఇద్దర్నీ లోపలే పెట్టారు" అని నవ్వాడు. చెయ్యి పట్టుకుని లేపి, కిందికి తీసుకొచ్చాను.

నేను కల్పించింది ఈ చివరి ముక్కే. నేను వెళ్ళేసరికి డబ్బా ఖాళీగా ఉంది. బావలో ఊపిరి లేదు.

చప్పుడు మాత్రం విన్నాను. అదేమిటో ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు. అది లేకుండా చెప్పమన్నా చెబుతాను. కానీ ఎవరికి చెప్పినా, బావని కొండ దించేదాకా నా నోరు ఆగదు.