ముప్పై ఆరు ఓమ్‌లు

హీటర్లకు తీగ చుట్టే మనిషిని వీధంతా కాయిల్ బాబాయ్ అనే పిలిచేది. అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో! నలభై ఏళ్లుగా అదే పని. వోల్టుల్ని ఆంపియర్లతో భాగిస్తే తీగ నిరోధం, గుణిస్తే వాట్లు. నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు.

ఎదురుకొట్టు దర్జీ తల్లిని ఆయన వదినా అనేవాడు. పోయిన చలికాలం ఆవిడ హీటరు ముందు కాళ్లు చాపి, "ఏం మరిదీ, దీనికి నా కాళ్లు సరే, దోమైనా వెచ్చబడుతుందా?" అని ఆటపట్టించింది. బాబాయ్‌కి పౌరుషం పొడుచుకొచ్చింది. మీటరు పెట్టి చూస్తే వీధిలోకి వస్తున్నవి నూట ఎనభై వోల్టులే. తీగ కాస్త కత్తిరించి నిరోధం తగ్గించాడు. అయిదు ఆంపియర్లు లాగింది. భాగిస్తే ముప్పై ఆరు ఓమ్‌లు, గుణిస్తే తొమ్మిది వందల వాట్లు. "బతికించావు మరిదీ" అంది వదిన. అది విని ఇంకో పదమూడు మంది హీటర్లు పట్టుకొచ్చారు. అన్నిటికీ అలాగే కత్తిరించాడు.

ఈ చలికాలం మొదట్లో వీధికి కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. రెండు వందల నలభై వోల్టులు! బల్బులు చూసి అందరూ మురిసిపోయారు, బాబాయ్ కూడా. అయ్యో, అంత లెక్క తెలిసినవాడికి ఈ లెక్క తట్టలేదే! వారం తిరక్కుండా, మధ్యాహ్నం కునుకు తీస్తూండగా వదిన దుప్పటి అంటుకుంది. మనిషి దక్కలేదు. "దుప్పటి హీటరు దగ్గరికి లాక్కుని ఉంటుంది పాపం" అన్నారంతా.

నెల గడిచింది. బాబాయ్‌కి అన్నం సహించలేదు. కొట్లో ఎప్పుడూ కాలిన దూది వాసన. మీటరు ముల్లు లేచినప్పుడల్లా వెనకనుంచి "ఏం మరిదీ" అని వినబడేది. తిరిగి చూస్తే తీగచుట్టలు. వీధి చివర ఒక తలుపు మీద ముప్పై ఆరు అంకె ఉండేది. భయమేసి అటు నడవడమే మానేశాడు.

ఒకరోజు దర్జీ మసిబారిన హీటరు తెచ్చి బల్లమీద పెట్టాడు.

"బాగుచెయ్యి బాబాయ్. అమ్మ గుర్తు. దీనివల్లేగా పోయినేడు హాయిగా గడిపింది."

మీటరు పెడితే ముల్లు ముప్పై ఆరు దగ్గర ఆగింది. ఆ అంకెకు అర్థం తెలిసినవాడు వీధిలో ఇంకొకడు లేడు. నోరు మెదపకుండా కొత్త తీగ వేస్తే సరిపోయేది. "ఏం మరిదీ" అని వెనకనుంచి మళ్లీ వినబడింది.

"మీ అమ్మను చంపింది నేనేరా" అన్నాడు బాబాయ్. కాగితం మీద లెక్క వేశాడు. రెండు వందల నలభైని ముప్పై ఆరుతో భాగిస్తే ఆరున్నర పైచిలుకు ఆంపియర్లు. దాన్ని మళ్లీ వోల్టులతో గుణిస్తే పదహారు వందల వాట్లు. "తీగ కురచ చేసింది నేను. కరెంటు పెరిగాక వచ్చి మార్చనిదీ నేనే."

దర్జీ కాగితం అందుకుని పదహారు వందల మీద వేలు పెట్టాడు. కొడితే బాగుండుననుకున్నాడు బాబాయ్.

"ఇలాంటివి ఇంకెన్ని చేశావు?"

"పదమూడు."

"అవన్నీ ఇప్పుడెక్కడున్నాయి?"

బాబాయ్ తలెత్తి వీధివైపు చూశాడు. నెల్లాళ్లూ పోయిన మనిషినే తలుచుకుంటూ కూర్చున్నాడు. పదమూడిళ్లలో ఆ హీటర్లు వెలుగుతూనే ఉన్నాయి.

"లే బాబాయ్, లే! ముందు ఎవరిల్లు?"

"ముప్పై ఆరో నంబరు" అన్నాడు బాబాయ్ తడబడుతూ లేచి. "వాళ్లింట్లో పసిబిడ్డ ఉంది."

దర్జీ అప్పటికే వీధిలోకి పరుగెత్తాడు.